‘ఐన్’ అంటే కన్నేనా? ఒక అరబీ మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అరబీ నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్ళు, ఖురాన్ తెలుగు అనువాదం పక్కన పెట్టుకుని మూలంలో ఏముందోనని ఆరా తీసేవాళ్ళు, గల్ఫ్‌లో పనిచేస్తూ రోజూ అరబీ వినేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఈ మాట దగ్గర ఆగిపోతారు. ‘కన్ను’ అని నేర్చుకుని వస్తే అక్కడ నీళ్ళు పారుతుంటాయి, లేదా ఎవరో గూఢచారి తిరుగుతుంటాడు. ఎక్కువగా వచ్చే సందేహాలు, వాటికి జవాబులు ఇవి.

‘ఐన్’ అంటే అసలు అర్థం ఏమిటి?

కన్ను. ఎవరైనా అక్కడి నుంచే మొదలుపెట్టాలి. కానీ పాత అరబీలో అదే మాటకు నీటి ఊట, వేగులవాడు, దిష్టి, బంగారు నాణెం, చేతిలో ఉన్న రొక్కం, ఎదురుగా కనిపించే వస్తువు, ఒకదాని అసలు స్వరూపం, ఊళ్ళో పెద్దమనిషి, సూర్యబింబం, రోజుల తరబడి విడవకుండా కురిసే వాన, త్రాసు ఒక పక్కకి మొగ్గడం, మోకాలి దగ్గర ఉండే గుంట అనే అర్థాలున్నాయి. అరబీ అక్షరమాలలో ఒక అక్షరం పేరు కూడా ఇదే. నిఘంటువు తెరిస్తే ఇంకా చాలా కనిపిస్తాయి. ఒకే మాటకు అనేక అర్థాలుండటాన్ని అరబీ పండితులు ‘ముష్తరక్’ అంటారు, అంటే అర్థాలు ఉమ్మడిగా పంచుకున్న మాట అని. దానికి ఉదాహరణ చెప్పాల్సి వస్తే మదర్సా పాఠాల్లో మొదట వచ్చేది ‘ఐన్’ పేరే.

ఇన్ని అర్థాలుంటే, చదివేటప్పుడు ఏది తీసుకోవాలో ఎలా తెలుస్తుంది?

పక్కనున్న మాటలు చెబుతాయి. దీనికి అరబీలో ‘కరీనా’ అని పేరుంది: మాటకు తోడుగా ఉండి దాని అర్థాన్ని పట్టిచ్చే గుర్తు. ‘ఐన్ పారుతోంది’ అంటే అది ఊట. ‘సేనాపతి శత్రువుల మీదికి ఒక ఐన్‌ను పంపాడు’ అంటే వేగులవాడు. ‘పిల్లవాడికి ఐన్ తగిలింది’ అంటే దిష్టి. ‘నాకు దైన్ వద్దు, ఐన్ కావాలి’ అంటే అప్పు వద్దు, రొక్కం కావాలని.

మనకిది కొత్త సంగతేం కాదు. తెలుగులో వలకు కళ్ళుంటాయి, కొబ్బరికాయకు మూడు కళ్ళుంటాయి, నెమలి ఈకకు కన్నుంటుంది, చెరకు నాటే రైతు ‘మూడు కళ్ళ ముచ్చెలు’ అంటాడు. ఆ రైతు మాట విని ఎవరూ మొహంలో ఉండే కన్ను అనుకోరు. చెరకు, ముచ్చె అనే మాటలే అక్కడ కరీనా.

నా అనుభవంలో ఈ మాట దగ్గర తడబడేవాళ్ళు అర్థాలు తెలియక తడబడరు. నిఘంటువులో జాబితా ముందు చూసి, తర్వాత వాక్యంలోకి వస్తారు. వాక్యం ముందు చదివి, అది ఏ అర్థాన్ని అడుగుతోందో చూసి, ఆ తర్వాత నిఘంటువులో సరిచూసుకుంటే సగం టెన్షన్ ఉండదు.

బహువచనం చూసి అర్థం పట్టుకోవచ్చు అంటారు, నిజమేనా?

చాలావరకు నిజం, ముఖ్యంగా ఖురాన్‌లో. ఐన్‌కు బహువచన రూపాలు ప్రధానంగా మూడు: అయున్, ఉయూన్, అయాన్. ఖురాన్‌లో ‘అయున్’ అని వచ్చినచోటల్లా కళ్ళు. ‘ఉయూన్’ అని వచ్చినచోటల్లా ఊటలు. అక్కడ ఈ గీత ఎక్కడా చెరగదు.

దీన్ని దగ్గరగా చూడాలంటే 54వ అధ్యాయం, అల్ కమర్, తీయండి. నూహ్ ప్రవక్త కాలంలో వచ్చిన ప్రళయం గురించి చెబుతూ 12వ వాక్యం ‘మేము భూమిని ఉయూన్‌గా చీల్చాం’ అంటుంది: నేల నాలుగు చెరగులా ఊటలై ఉబికింది. ఒక్క వాక్యం దాటగానే, 14వ వాక్యంలో ఆ నీటి మీద ఓడ సాగుతూ ఉంటుంది, ‘మా అయున్ ముందు’. అంటే దేవుడి కళ్ళ ముందు, ఆయన కాపుదలలో. కింద నీళ్ళకూ పైన కాపాడే చూపుకూ ధాతువు ఒకటే. మధ్యలో ఉన్న తేడా అంతా బహువచన రూపంలోనే ఉంది. ఐన్ గురించి ఒక్క చోటు మాత్రమే చూపించమంటే నేను ఎవరికైనా ఇదే చూపిస్తాను.

ఖురాన్ బయట ఈ నియమం ఇంత గట్టిగా నిలబడదు. కవిత్వంలోను, ఇప్పటి అరబీలోను ‘ఉయూన్’ అంటే కళ్ళు కూడా. ‘అయాన్’ అనేదానికి వేరే దారి ఉంది, దాని సంగతి కింద వస్తుంది.

ఏకవచనంలో వస్తే మరి?

అప్పుడు పక్కనున్న క్రియ, విశేషణం చూడాలి. 88వ అధ్యాయం, అల్ గాషియా, మంచి అభ్యాసం. 5వ వాక్యంలో నరకవాసులకు తాగడానికి ‘సలసల కాగే ఐన్’ నుంచి నీళ్ళిస్తారు. 12వ వాక్యంలో స్వర్గంలో ‘పారే ఐన్’ ఉంటుంది. రెండూ ఊటలే, కాగడం, పారడం నీటి లక్షణాలు కాబట్టి. 2వ అధ్యాయం 60వ వాక్యంలో మూసా ప్రవక్త చేతికర్రతో బండను కొడితే పన్నెండు ఐన్‌లు పుట్టుకొస్తాయి, ప్రతి తెగా తన నీటిచోటు గుర్తుపడుతుంది. అది కూడా ఊటే. 5వ అధ్యాయం 45వ వాక్యంలో ‘ఐన్‌కు ఐన్’ అన్నచోట ముక్కు, చెవి, పన్ను వరుసలో ఉన్నాయి కాబట్టి అనుమానమే లేదు, కన్నే.

34వ అధ్యాయంలో సులైమాన్ ప్రవక్త కోసం ప్రవహింపజేసిన ‘ఐనుల్ కిత్ర్’ ఉంది. అక్కడ పారింది నీరు కాదు, కరిగిన రాగి. ఊట అనే అర్థం లోహానికి కూడా సాగింది.

20వ అధ్యాయం 39వ వాక్యం మాత్రం వేరు. పసివాడైన మూసాను పెట్టెలో పెట్టి నదిలో వదలమని తల్లికి ఆజ్ఞ అవుతుంది. ‘నువ్వు నా ఐన్ మీద పెరగాలని’ అంటాడు దేవుడు. నా కంటి ముందు, నా పర్యవేక్షణలో అని భావం. దేవుడికి కన్ను అనే మాటను ఎలా అర్థం చేసుకోవాలన్నది ఇస్లామీ వేదాంతంలో పెద్ద చర్చ. కొందరు కాపుదల, సంరక్షణ అని వివరిస్తారు. ఇంకొందరు మాటను మాటగా ఒప్పుకుంటూనే, అది ఎలాంటిదని అడగకుండా, మనుషుల కంటితో పోల్చకుండా వదిలేస్తారు. అనువాదం చేసేవాళ్ళు ఏ మార్గంలో ఉన్నారో ఈ ఒక్క వాక్యం దగ్గర తెలిసిపోతుంది.

కన్నుకీ ఊటకీ ఏమిటి సంబంధం?

రెండింటి నుంచీ నీళ్ళు ఊరతాయి, రెండూ గుండ్రటి గుంటలు. అరబీ భాషావేత్తలు ఈ పోలికను చెప్పారు. కానీ ఇది అరబీలో పుట్టిన పోలిక కాదు, అంతకంటే పాతది. హీబ్రూలో ‘ఐన్’ అన్నా కన్నూ ఊటా రెండూ. మృతసముద్రం ఒడ్డున ఉన్న ఎన్‌గెదీ పేరులో మొదటి మాట అదే. అరమాయిక్‌లో, అక్కాడియన్‌లో కూడా కన్నుకు ఇదే ధాతువు. ఎడారి అంచున బతికే జనానికి నేల తెరిచిన కన్నులా ఊట కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఫారసీ వేరే కుటుంబానికి చెందిన భాష. అయినా అక్కడ ‘చష్మ్’ అంటే కన్ను, ‘చష్మా’ అంటే ఊట. హైదరాబాద్‌లో కళ్ళజోడును చష్మా అంటారు కదా, ఉర్దూలో అదే మాటకు నీటి ఊట అనే అర్థం ఇప్పటికీ ఉంది.

అరబ్ దేశాల్లో ఊళ్ళ పేర్లలో ఐన్ ఎందుకంత ఎక్కువ?

నీళ్ళున్నచోటే ఊరు లేస్తుంది. అబుదాబి ఎమిరేట్‌లోని అల్ ఐన్ నగరం పేరుకు అర్థం ‘ఊట’. మన కరీంనగర్, నిజామాబాద్, కడప వైపు నుంచి వెళ్ళినవాళ్ళు చాలామందికి ఎమిరేట్స్ పరిచయమే కాబట్టి ఈ పేరు వినే ఉంటారు. అక్కడి ఖర్జూర తోటలకు నీళ్ళు తెచ్చే ‘ఫలజ్’ కాలువల వ్యవస్థ చాలా పాతది. అల్ ఐన్‌లోని ఒయాసిస్సులు, పురాతన స్థలాలు 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. 1260లో ఈజిప్టును ఏలిన మమ్లూక్‌ల సేన మంగోలులను ఓడించిన చోటు పేరు ఐన్ జాలూత్, అది చారిత్రక పాలస్తీనాలో, ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న ఒక ఊట. పడమటి సహారాలో పెద్ద ఊరు అల్ ఉయూన్, ‘ఊటలు’.

ఐన్‌కు దిష్టి అనే అర్థం మతపరమైనదా, జనంలో ఉన్న నమ్మకమా?

రెండూ. ‘ఐన్ నిజం’ అనే ప్రవక్త వచనం బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాల్లో ఉంది. అక్కడ ఐన్ అంటే కన్ను ఉందని చెప్పడం కాదు, కన్ను తగలడం నిజమని చెప్పడం. మాట కూడా చక్కగా విస్తరించింది: దిష్టి పెట్టేవాడు ‘ఆఇన్’, దిష్టి తగిలినవాడు ‘మయూన్’.

ఇమామ్ మాలిక్ సంకలనం ముఅత్తాలో ఒక సంఘటన ఉంది. సహ్ల్ బిన్ హునైఫ్ స్నానం చేస్తుంటే ఆమిర్ బిన్ రబీఆ చూసి అతని చర్మం ఎంత అందంగా ఉందో అని మెచ్చుకున్నాడు. సహ్ల్ అక్కడికక్కడే జబ్బుపడ్డాడు. ప్రవక్త ఆమిర్‌ను మందలించి, చూడగానే బరకత్ (దేవుడి శుభం) కోరుతూ ప్రార్థించి ఉండాల్సిందని చెప్పి, అతను కడుక్కున్న నీళ్ళు సహ్ల్ మీద పోయించారు. ఇందులో గమనించాల్సింది ఏమంటే ఆమిర్‌కు ఏ దురుద్దేశమూ లేదు. ఐన్‌లో అసూయ ఉండి తీరాలన్న నియమం లేదు, మెచ్చుకోలు కూడా తగలొచ్చు. అందుకే ముస్లిం ఇళ్ళలో పిల్లవాడిని పొగిడినప్పుడు ‘మాషా అల్లాహ్’ అనడం. ‘నా దిష్టే తగిలేట్టుంది’ అనే మన అమ్మమ్మలకు ఈ సంగతి వివరించక్కర్లేదు. దిష్టి అనే మాట కూడా దృష్టి నుంచే వచ్చింది.

‘ఖుర్రతుల్ ఐన్’ అంటే?

మాటకు మాటగా ‘కంటి చల్లదనం’. భావం: చూస్తే ప్రాణం కుదుటపడే మనిషి, ముఖ్యంగా పిల్లలు. ఖురాన్‌లో 28వ అధ్యాయం 9వ వాక్యంలో ఈజిప్టు రాజు ఫిరౌను భార్య, నదిలో దొరికిన పసివాడిని చూపించి ‘నాకూ నీకూ ఖుర్రతు ఐన్, చంపకండి’ అంటుంది. 25వ అధ్యాయం 74వ వాక్యంలో భక్తులు తమ భార్యాబిడ్డలను కళ్ళకు చల్లదనంగా చేయమని వేడుకుంటారు. దీనికి వ్యతిరేకంగా ఎవరినైనా శపించాలంటే ‘దేవుడు అతని కన్ను వేడెక్కించుగాక’ అనేవారు. సంతోషంలో వచ్చే కన్నీళ్ళు చల్లగా, దుఃఖంలో వచ్చేవి వేడిగా ఉంటాయని పాత భాషావేత్తల వివరణ. తెలుగులో ఆ చల్లదనం కడుపుకు చేరింది: ‘నీ కడుపు చల్లగా ఉండాలి’ అంటాం. ఉర్దూ నవలా రచయిత్రి ఖుర్రతుల్ ఐన్ హైదర్ పేరు ఇదే.

‘ఐనుల్ యకీన్’లో ఐన్ కన్నేనా?

కన్నుతో చూడటం వల్ల కలిగే నమ్మకం. 102వ అధ్యాయం, అత్ తకాసుర్‌లో ముందు ‘ఇల్ముల్ యకీన్’ వస్తుంది, తెలుసుకోవడం వల్ల కలిగే నిశ్చయం. 7వ వాక్యంలో ‘ఐనుల్ యకీన్’, కళ్ళారా చూసిన నిశ్చయం. మూడోది ‘హక్కుల్ యకీన్’, ఇది 56, 69 అధ్యాయాల్లో ఉంది. సూఫీలు ఈ మూడింటినీ మెట్లుగా చెబుతూ నిప్పును ఉదాహరణగా తీసుకుంటారు: నిప్పుందని తెలియడం, నిప్పును చూడటం, నిప్పులో పడటం.

ఇదే ధాతువు నుంచి ‘ముఆయనా’ వచ్చింది, స్వయంగా చూసి పరీక్షించడం. ‘విన్నది కన్నదానితో సమానం కాదు’ అనే అరబీ నానుడిలో ‘కన్నది’కి ఉన్న మాట ముఆయనా. ఉర్దూలో డాక్టరు రోగిని పరీక్షించడాన్ని, అధికారి తనిఖీకి రావడాన్ని ఇదే మాటతో అంటారు.

వేగులవాడు ‘కన్ను’ ఎలా అయ్యాడు?

పంపినవాడి తరఫున చూస్తాడు కాబట్టి. ప్రవక్త పదిమందిని ‘ఐన్’గా పంపారని బుఖారీలో ఉంది. మన సంస్కృత సంప్రదాయంలో రాజును ‘చారచక్షువు’ అన్నారు, చారులే కళ్ళుగా కలవాడని. రెండు సంప్రదాయాలూ ఒకరి నుంచి ఒకరు తీసుకోనవసరం లేకుండానే ఒకే చోటికి వచ్చాయి.

ఫిఖ్‌లో ‘ఐన్’, ‘దైన్’ అంటారు. అక్కడ కంటితో పనేముంది?

ఇస్లామీ న్యాయశాస్త్రంలో ఈ మాట చాలా పని చేస్తుంది, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఎదురుగా వేలు పెట్టి చూపించగలిగే నిర్దిష్టమైన వస్తువు ఐన్. ఒకరి మీద ఉన్న బాకీ, ఇంకా చేతికి రానిది, దైన్. ‘ఈ గుర్రాన్ని నీకు అమ్ముతున్నాను’ అంటే అమ్మింది ఐన్. ఆ గుర్రమే ఇవ్వాలి, దాని బదులు అలాంటిదే ఇంకోటి ఇస్తానంటే కుదరదు. ‘నీకు వంద దీనార్లు బాకీ ఉన్నాను’ అంటే దైన్. ఏ వంద దీనార్లు ఇచ్చినా చెల్లుతుంది. కొన్న గుర్రం అప్పగించకముందే చనిపోతే ఏమవుతుంది, అరువు తెచ్చుకున్న వస్తువు పోతే ఎవరు పెట్టుకోవాలి లాంటి ప్రశ్నలకు జవాబు ఈ తేడాను బట్టే మారుతుంది. కిరాయి ఒప్పందంలో ఇంకో జత ఉంది: ఇల్లు ఐన్, అందులో ఉండే సౌకర్యం ‘మన్‌ఫఅ’. కిరాయిదారు కొన్నది రెండోదాన్ని, మొదటిదాన్ని కాదు.

‘ఈనా’ అనే ఒక బేరం పేరు కూడా ఇక్కడిదే. ఒకడు తన వస్తువును 110కి అప్పు మీద అమ్మి, వెంటనే అదే వస్తువును 100 రొక్కం ఇచ్చి తిరిగి కొంటాడు. వస్తువు ఉన్నచోటే ఉంటుంది, కొన్నవాడి చేతికి 100 వస్తుంది, నెత్తిన 110 బాకీ పడుతుంది. వడ్డీకి ముసుగు వేసిన బేరమని చాలామంది న్యాయవేత్తలు దీన్ని కాదన్నారు. న్యాయశాస్త్ర శాఖల్లో ఒకటైన షాఫిఈ పండితులు మాత్రం బయటికి రెండు విడివిడి బేరాలే కాబట్టి చెల్లుతుందన్నారు. కొనేవాడికి కావాల్సింది ఐన్, అంటే రొక్కం, కాబట్టి ఆ పేరు వచ్చిందని ఒక వివరణ.

‘ఫర్జ్ ఐన్’లో అర్థం మళ్ళీ మారుతుంది. ప్రతి ఒక్కరూ స్వయంగా చేయాల్సిన విధి అది, రోజూ ఐదు పూటల నమాజు లాగా. కొందరు చేస్తే మిగిలినవాళ్ళ బాధ్యత తీరిపోయేది ‘ఫర్జ్ కిఫాయా’, చనిపోయినవారి కోసం చేసే జనాజా నమాజు లాగా. ఇక్కడ ఐన్ అంటే ‘ఆ మనిషే’.

‘తానే’, ‘అదే’ అనే అర్థం ఎక్కడి నుంచి వచ్చింది?

కళ్ళ ముందున్నది, ఎదురుగా ఉన్న అసలుది అనే భావం నుంచి. ‘జైద్ వచ్చాడు, అతని ఐన్’ అంటే జైద్ స్వయంగా వచ్చాడని. వ్యాకరణంలో దీన్ని నొక్కి చెప్పడానికి వాడతారు. తత్వవేత్తలు ఇంకొంచెం ముందుకెళ్ళారు: ఒక వస్తువు మనసులో ఉండటం వేరు, ‘అయాన్‌లో’ ఉండటం వేరు అన్నారు, అంటే బయట నిజంగా ఉండటం. 1240లో డమాస్కస్‌లో చనిపోయిన ఇబ్న్ అరబీ ‘అయాన్ సాబితా’ అని ఒక భావన చెప్పాడు: వస్తువులు ఉనికిలోకి రాకముందే దేవుడి జ్ఞానంలో స్థిరంగా ఉండే రూపాలు.

‘అయాన్’ అంటే పెద్దమనుషులు కూడా కదా?

అవును. 13వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ రాసిన ప్రసిద్ధ జీవిత చరిత్రల నిఘంటువు పేరు ‘వఫయాతుల్ అయాన్’, ప్రముఖుల మరణాలు అని. జోర్డాన్ పార్లమెంటు ఎగువసభ పేరు ఇవాళ కూడా ‘మజ్లిసుల్ అయాన్’.

వారసత్వ చట్టంలో ‘బనుల్ అయాన్’ అంటే ఒకే తల్లికీ తండ్రికీ పుట్టిన సొంత అన్నదమ్ములు. తండ్రి ఒకరై తల్లులు వేరైతే ‘బనుల్ అల్లాత్’. తల్లి ఒకరై తండ్రులు వేరైతే ‘బనుల్ అఖ్యాఫ్’. ఆస్తి పంపకాల లెక్కలు చదివేవాళ్ళకు ఈ మూడు మాటలూ రోజూ తగులుతాయి. అక్కడ ‘అయాన్’ను ‘ప్రముఖులు’ అని తర్జుమా చేస్తే లెక్కంతా తప్పుతుంది.

అక్షరం పేరు కూడా ఐన్ ఎందుకు?

ఫినీషియన్ లిపిలో ఈ అక్షరాన్ని కన్నులా గుండ్రంగా గీసేవారు, పేరు కూడా కన్నే. గ్రీకులు దాన్ని అచ్చుగా మార్చుకున్నారు. ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరంలో ఆ గుండ్రటి కన్ను ఇప్పటికీ ఉంది. అక్షరాలకు అంకెల విలువ ఇచ్చే అబ్జద్ లెక్కలో ఈ అక్షరం విలువ 70.

ఈ అక్షరం పేరుతో అరబీ భాషకు మొదటి నిఘంటువు వచ్చింది. 8వ శతాబ్దంలో బస్రాలో ఉన్న ఖలీల్ బిన్ అహ్మద్ అల్ ఫరాహీదీ తలపెట్టిన ‘కితాబుల్ ఐన్’ అది. అరబీ ఛందస్సుకు శాస్త్రం కట్టింది కూడా ఈయనే. అలిఫ్, బా, తా అనే మామూలు క్రమం వదిలేసి, ధ్వని నోట్లో ఎక్కడ పుడుతుందో ఆ క్రమంలో అక్షరాలను పేర్చాడు. నోరు తెరిచి ‘అబ్, అత్, అహ్, అఘ్’ అంటూ ఒక్కో అక్షరాన్ని రుచి చూసేవాడని ఆ గ్రంథం ముందుమాటలో ఉంది. మీరూ పలికి చూడండి: ‘అబ్’ పెదవుల దగ్గర ఆగుతుంది, ‘అత్’ పళ్ళ దగ్గర, ‘అఘ్’ గొంతు దగ్గర. గొంతు లోపలి నుంచి స్పష్టంగా వచ్చే హల్లుగా ఆయనకు ఐన్ దొరికింది, దానితోనే మొదలుపెట్టాడు. కంఠం నుంచి పెదవుల దాకా వెళ్ళే ఈ క్రమం మన క, చ, ట, త, ప వర్గాలను గుర్తు చేస్తుంది. భారతీయ ప్రభావం ఉండొచ్చని కొందరు పండితులు ఊహించారు గానీ గట్టి ఆధారమేదీ చూపలేకపోయారు.

వ్యాకరణంలో ‘క్రియ తాలూకు ఐన్’ అంటే ధాతువులో నడిమి అక్షరం. నమూనా ధాతువుగా ఫా, ఐన్, లామ్ తీసుకున్నారు కాబట్టి. ఇక్కడ కంటితో ఏ సంబంధమూ లేదు.

ఒకే వాక్యంలో రెండు అర్థాలూ ఒకేసారి ఉండొచ్చా?

కవిత్వంలో ఉండొచ్చు. మనం శ్లేష అన్నట్టు వాళ్ళు ‘తౌరియా’ అంటారు, ఐన్ దానికి తేలిగ్గా లొంగే మాట.

చట్టంలో మాత్రం ఇది పెద్ద తగువు. షాఫిఈ పండితుల్లో చాలామంది ఒకే మాటతో రెండు అర్థాలనూ ఉద్దేశించడం సాధ్యమేనన్నారు; ఇంకో శాఖ అయిన హనఫీల్లో చాలామంది వద్దు, ఒకటే తేల్చాలన్నారు. ఐన్ విషయంలో ఇది మాటల చర్చలా కనిపిస్తుంది గానీ, ‘ఖుర్’ అనే ఇంకో ముష్తరక్ మాట చూస్తే తీవ్రత తెలుస్తుంది. విడాకులు పొందిన స్త్రీ మూడు ‘ఖురూ’లు ఆగాలని ఖురాన్ 2వ అధ్యాయం 228వ వాక్యం. ఆ మాటకు నెలసరి అనీ, రెండు నెలసరుల మధ్య శుద్ధి కాలమనీ రెండర్థాలున్నాయి. హనఫీలు నెలసరి అన్నారు, మాలికీ, షాఫిఈలు శుద్ధి కాలం అన్నారు. షాఫిఈ లెక్కలో మూడో నెలసరి మొదలవగానే గడువు తీరవచ్చు. హనఫీ లెక్కలో అది ముగిసేదాకా ఆగాలి. ఆ కొద్ది రోజుల తేడాలోనే భర్త తిరిగి ఏలుకునే హక్కు, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకునే హక్కు ఉన్నాయి. నిఘంటువులో పక్కపక్కనే ఉన్న రెండు అర్థాల వల్ల ఒక మనిషి జీవితం ఎటు తిరగాలో తేలే చోటు ఇది. అందుకే పాత పండితులు కరీనా కోసం అంతగా వెతికారు.

గల్ఫ్‌లో ‘మిన్ ఉయూనీ’ అంటుంటారు. ఏమిటది?

‘నా కళ్ళ నుంచి’. ఏదైనా అడిగితే ‘తప్పకుండా, సంతోషంగా చేస్తాను’ అని జవాబు. ‘అలా ఐనీ’ అన్నా అదే, ‘నా కంటి మీద’. ఆసుపత్రిలో వినిపించే ‘అయ్యినా’ అంటే నమూనా. రక్తం తీసుకునేటప్పుడు అడిగేది అదే. అది కూడా ఈ ధాతువు మాటే.

తెలుగులోకి ఈ మాట ఏమైనా వచ్చిందా?

వచ్చింది, కాస్త వేషం మార్చుకుని. ‘తయీన్’ అంటే ఫలానా మనిషి అని ప్రత్యేకించి నియమించడం. దాని బహువచనం ఫారసీ, ఉర్దూల మీదుగా ‘తైనాత్’ అయి, తెలుగులో ‘తైనాతీ’ అయింది. ఒకప్పుడు కాపలాకో కొలువుకో నియమించిన మనిషి. ఇప్పుడు పేపర్లో ‘ఆ నాయకుడి తైనాతీలు’ అంటే తొత్తులనే అర్థంలో చదువుతున్నాం.

ఐన్ అక్షరం ఉన్న మాటలైతే తెలుగులో చాలానే ఉన్నాయి. అర్జీ, అమలు, మామూలు, జమ, తాలూకా, ఇనాం, రైతు, ఉస్మానియా, అన్నింటి మూలంలోనూ ఆ గొంతు హల్లు ఉంది. మన నోటికి అది పలకదు కాబట్టి ఊరికే అచ్చుగా కరిగిపోయింది.

అర్థాలు సరిచూసుకోవడానికి ఏ నిఘంటువులు చూడాలి?

పాతవాటిలో ఇబ్న్ మన్‌జూర్ ‘లిసానుల్ అరబ్’. అందులో మాటలు చివరి అక్షరాన్ని బట్టి ఉంటాయి కాబట్టి ఐన్ కోసం ‘నూన్’ అధ్యాయంలో వెతకాలి. చాలామంది ఐన్ అధ్యాయంలో వెతికి దొరకలేదంటారు. ఇంకా విస్తారంగా కావాలంటే ‘తాజుల్ అరూస్’. దాన్ని రాసిన ముర్తజా అల్ జబీదీ 1732లో మన దేశంలో బిల్‌గ్రామ్‌లో పుట్టి, యెమెన్ మీదుగా కైరో చేరి, 1791లో అక్కడే ప్లేగుతో చనిపోయాడు. అరబీ భాషకు అంత పెద్ద నిఘంటువు ఇచ్చింది ఒక భారతీయుడని చాలామందికి తెలియదు. ఇంగ్లిష్ చదవగలిగితే 1863 నుంచి వెలువడిన ఎడ్వర్డ్ లేన్ నిఘంటువు ఉంది. ప్రతి అర్థానికీ ఏ పాత గ్రంథం ఆధారమో చెబుతుంది.

హైదరాబాద్‌కూ ఇందులో వాటా ఉంది. 10వ శతాబ్దపు ఇబ్న్ దురైద్ నిఘంటువు ‘జమ్‌హరతుల్ లుఘా’ను 1920లలో అచ్చువేసింది 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్. ఉస్మానియా క్యాంపస్‌లో ఉన్న ఈ సంస్థ ప్రచురణలను అరబ్ దేశాల పండితులు కూడా వాడతారు.

వాట్సాప్‌లో ‘ఐన్‌కు ఫలానా అర్థం కూడా ఉంది, కాబట్టి ఈ వాక్యం అసలు భావం వేరు’ అని వస్తుంటాయి. నమ్మొచ్చా?

అర్థం నిఘంటువులో ఉండొచ్చు. ఆ వాక్యంలో ఉందా అన్నదే ప్రశ్న. మూడు సంగతులు అడగండి. ఆ అర్థంలో ఆ మాటకు అలాంటి క్రియ, అలాంటి బహువచనం పాత అరబీలో ఇంకెక్కడైనా ఉందా? ముందూ వెనకా ఉన్న వాక్యాలు దానికి ఒప్పుకుంటాయా? పాత వ్యాఖ్యాతల్లో ఒక్కరైనా అలా చదివారా? మూడింటికీ ‘లేదు’ అని వస్తే పక్కన పెట్టేయండి. ఇది అభిమానంతో చేసినా, ద్వేషంతో చేసినా పొరపాటే. ‘పారే ఐన్’ దగ్గర మోకాలి గుంటను తెచ్చి పెట్టలేం.

ఉర్దూలో అద్దాన్ని ‘ఆయినా’ అంటారు. అదీ ఇందులోదేనా?

కాదు. ఆయినా ఫారసీ మాట, అలిఫ్‌తో రాస్తారు. ‘అయినా సరే’ అనే మన తెలుగు మాటకూ దీనితో చుట్టరికం లేదు.